కల్లంలో ఫోను పట్టిన కోటేశ్వరమ్మ

మార్చి నెల ఎండలో రైతు బసవపున్నయ్య మిరప కల్లం వైపు చూడాలంటే కళ్ళకి కొంచెం ధైర్యం కావాలి. ఆరెకరాల కాయ ఎర్రగా పరుచుకుని ఉంటుంది. ఒక మూల టార్పాలిన్ పట్టా పందిరి, దాని కింద కాయ రాశి, రాశి చుట్టూ గోనెసంచుల మీద పదకొండు మంది ఆడవాళ్ళు. చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు, తలకి తుండుగుడ్డలు, ముక్కుకి గుడ్డలు. రంగు పోయిన తాలు కాయ ఒక పక్కకి, మంచి కాయ ఒక పక్కకి. చేతులు ఆగవు, తుమ్ములూ ఆగవు. వాళ్ళ మధ్యలో పన్నెండో ఆమె కూర్చుని ఉంటుంది. ఆమె కాయ ముట్టుకోదు. చేతులు సబ్బు పెట్టి కడుక్కుని, ఒళ్ళో తెల్లగుడ్డ వేసుకుని, ఎదురుగా మిరప బస్తాకి ఆనించిన ఫోనుని కనిపెట్టుకుని ఉంటుంది. ఆమె పేరు కోటేశ్వరమ్మ. వయసు అరవై నాలుగు.

కూలికి వచ్చి ఫోను చూస్తూ కూర్చుందా అని మూతి విరవకండి. ముందు మిరపకాయ సంగతి తెలుసుకోండి. కాయ ఏరిన చేత్తో ఒక్కసారి కన్ను నలుపుకున్నవాళ్ళు జన్మలో మరిచిపోరు. సబ్బుకి పోదు, పెరుగుకి పోదు. సాయంత్రం అన్నం కలుపుకుంటే వేళ్ళు భగ్గుమంటాయి. గ్లౌజులు వేసుకోవచ్చు కదా అనే తెలివైనవాళ్ళు ఒక పూట వేసుకుని ఆ ఎండలో కూర్చోండి, తర్వాత మాట్లాడదాం. అలాంటి చేతులతో ఫోను ముట్టుకోకూడదు. ఫోను లేకపోతే వీళ్ళకి పొద్దు గడవదు. పదకొండు మంది చేతులూ కాయలో ఉన్నప్పుడు ఫోనుకి ఒక శుభ్రమైన చెయ్యి కావాలి. ఆ చెయ్యి కోటేశ్వరమ్మది.

ఆ చెయ్యి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

కోటేశ్వరమ్మ పుట్టిందీ మెట్టిందీ నాదెండ్ల చుట్టుపక్కల పల్లెల్లోనే. రెండు వైపులా ఎకరం, ఎకరంన్నర రైతులు. సొంత చేలో పని అయిపోతే పక్కవాళ్ళ చేలోకి కూలికి వెళ్ళే ఇళ్ళు. ఆమె మొదటి సినిమా డేరాలో చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల అప్పటికి. వాళ్ళ నాన్న ఎడ్లబండిలో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెళ్ళి ఇసకలో కూర్చోబెట్టాడు. రీలు మార్చినప్పుడల్లా బొమ్మ ఆగేది. ఆగినప్పుడల్లా నాయనమ్మ అడిగేది, ఆ మీసాలాయన ఎవరే, ఈ పిల్లని ఎందుకు కొట్టాడే అని. నాయనమ్మకి చూపు ఆనదు. ఈ పిల్ల నాయనమ్మ చెవి దగ్గర నోరు పెట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పేది. ఇంటికి వచ్చాక నాయనమ్మ, "బొమ్మ కన్నా నీ మాటే బాగుందే" అంది. ఆ మాట పిల్ల నెత్తికెక్కింది. ఇంతవరకూ దిగలేదు.

పెళ్ళయ్యాక మొగుడు నాగేశ్వరరావుని లాక్కుని నరసరావుపేట హాళ్ళకి వెళ్ళేది. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. సినిమా మొదలైన పది నిమిషాలకి గురక పెట్టేవాడు. వచ్చేటప్పుడు సైకిలు వెనక కూర్చుని ఆమె కథ మొత్తం చెప్పేది. ఆయన తొక్కుతూ ఊఁ కొట్టేవాడు. ఈ రోజుకీ ఆయన తాను చూశానని చెప్పుకునే సినిమాలన్నీ ఆమె నోట విన్నవే.

తర్వాత వీడియో డెక్కుల కాలం వచ్చింది. ఎవరింట్లో శుభకార్యమైనా చిలకలూరిపేట నుంచి టీవీ, డెక్కు బాడుగకి తెచ్చి వీధిలో బల్ల మీద పెట్టేవాళ్ళు. వరసగా మూడు సినిమాలు. మూడోది అయ్యేసరికి వీధంతా పడి నిద్రపోయేది, ఆమె తప్ప. మర్నాడు పత్తి చేలో కలుపు తీస్తుంటే నిద్రపోయినవాళ్ళందరికీ ఆమే దిక్కు. ఆమె చెబుతుంటే ఆ పక్క సాలులో ఉన్న వీరరాఘవమ్మ తన సాలుతో పాటు ఈమె సాలూ తీసేసేది. వీరరాఘవమ్మ, ఈమె ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. వదినా అంటే వదినా అని పిలుచుకునేవాళ్ళు. నలభై ఏళ్ళకి పైగా పక్కపక్క సాళ్ళలోనే నడిచారు.

ప్రెసిడెంటు గారింటికి టీవీ వచ్చింది. ఒకడు డాబా మీద యాంటెన్నా తిప్పుతూ వచ్చిందా అని, కిటికీలో నుంచి ముప్ఫై మంది రాలా అని. ఆ తర్వాత కేబులు వచ్చింది. కేబులుతో మధ్యాహ్నం సీరియళ్ళు వచ్చాయి. అవి వచ్చాక ఊళ్ళో పని వేళలే మారిపోయాయి. ఒంటిగంటకల్లా వదలకపోతే రామని ఆడవాళ్ళు తెగేసి చెప్పారు. రైతులు గొణిగారు. అయితే రైతుల పెళ్ళాలు కూడా ఆ సీరియలే చూసేవాళ్ళు కాబట్టి ఆ గొణుగుడు గుమ్మం దాటి బయటికి రాలేదు.

చివరికి ఫోన్లు వచ్చాయి. నెట్టు చవకైంది. రాత్రి టీవీలో రావలసిన సీరియలు పొద్దున్నే ఫోనులోకి వచ్చేస్తుంటే ఇక ఒంటిగంటకి ఇంటికి పరిగెత్తే పని ఎవరికుంది? ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి సీరియలు వాళ్ళది. కొంగులో ఫోను దోపుకుని, చెవుల్లో గుబిలి లాంటివేవో పెట్టుకుని కూర్చునేవాళ్ళు కల్లంలో. ఒకామె ఉన్నట్టుండి నవ్వేది, ఇంకొకామె ఉన్నట్టుండి ఏడ్చేది. ఎవరెందుకు నవ్వారో ఎవరికీ తెలియదు. అంతమంది ఆడవాళ్ళు చేరిన చోట మాట వినపడకపోవడం ఎక్కడైనా ఉందా? అదేం పాడు కాలమో ఒక ఏడాదిన్నర నడిచింది. ఆ రోజుల్లో కోటేశ్వరమ్మ మాట వినేవాళ్ళు లేరు. ఆమె కూడా తలొంచుకుని కాయ ఏరుకునేది.

ఆ కాలానికి ముగింపు పలికింది నీరజ. ఈ కూలీల ముఠాలో అందరికన్నా చిన్నది, ఇద్దరు పిల్లల తల్లి. ఒక పక్క చెవిలోది ఊడి కాయ రాశిలో పడితే వెతికి వెతికి దొరక్క, అది బస్తాలో కలిసి గుంటూరు యార్డుకి వెళ్ళిపోయింది. పోనీలెమ్మని ఫోను తెరిచి పెట్టి, మధ్యమధ్యలో కాయ చేత్తోనే నొక్కుతూ చూసింది. సాయంత్రం ఆ ఫోనే పిల్లవాడి చేతికిచ్చి బొమ్మలు చూపిస్తూ అన్నం పెట్టింది. వాడు ఫోను పట్టుకున్న చేత్తో కళ్ళు నలుపుకున్నాడు. ఇంకేముంది, వాడి ఏడుపుకి వీధి వీధంతా లేచి వచ్చింది. మజ్జిగలో ముంచిన గుడ్డలు వేస్తే గంటకి చల్లబడ్డాడు. నీరజ అత్తగారు ఒంటికాలి మీద లేచింది. మర్నాటి నుంచి కల్లంలో ఫోను ముడితే ఊరుకోనని మేస్త్రి వీరరాఘవమ్మ అందరికీ గట్టిగా చెప్పింది. ఆ ముఠాకి పని మాట్లాడేదీ, మంచిచెడ్డలు చూసేదీ ఆమే.

సరిగ్గా ఆ వారమే కోటేశ్వరమ్మ నరసరావుపేటలో డాక్టరుకి చేతులు చూపించుకుని వచ్చింది. అరచేతులు బీటలువారి నెత్తురు వస్తోంది. ఇక మిరపకాయ ముట్టుకోవద్దన్నాడు ఆయన. పల్నాడులో ఆడకూలీని జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకాయ ముట్టొద్దంటే ఇంట్లో మూల కూర్చోమనే కదా అర్థం. ఆమె బావురుమంది. అప్పుడు వీరరాఘవమ్మే అంది, "కాయ ముట్టబాకలే వదినా. ఫోను ముట్టు. మాకు చేతులు లేవు, నీకు పనిలేదు." అలా మొదలైంది.

మొదట్లో నవ్వులాటకే అనుకున్నారు. రెండు రోజుల్లో అది పెద్ద పనని తేలింది. ఒకే ఫోను, అందరూ వినేలా. ఈ రోజు ఎవరి నెట్టు, రేపు ఎవరిది అని వంతులు. ఏ సీరియలు పెట్టాలన్న తగాదా తీర్చడం, యాడు వస్తే తీసేయడం, మాట వినపడలేదంటే వెనక్కి జరపడం, ఫోను వేడెక్కితే తడిగుడ్డ మీద పడుకోబెట్టడం. పైగా ఫోను వంక చూడ్డానికి వాళ్ళు తల ఎత్తితే చేతిలో కాయ తప్పుతుంది. అందుకని వాళ్ళ చూపులు కాయ మీదే, చెవులు ఫోను మీద. బొమ్మలో జరిగేది కోటేశ్వరమ్మ చెప్పేది. "ఇదిగో, అత్త తలుపు చాటున నిలబడి వింటంది. కోడలికి తెలవదు. ఒసే పిచ్చిదానా, ఎనక్కి చూడవే." అలా చెబుతుంటే చేతులు ఇంకా వేగంగా ఆడేవి. ఏడుపు ఘట్టం వచ్చిందంటే ఆమెకి ఊపిరాడేది కాదు. పదకొండు మంది కళ్ళల్లో నీళ్ళు, తుడుచుకోవడానికి ఒక్క చెయ్యి లేదు. ముక్కు ఎగబీల్చుకుంటూ, "పెద్దమ్మా, ఇటు", "అత్తా, నాకు, నాకు" అని మొహాలు చాపేవాళ్ళు. ఆమె తెల్లగుడ్డ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చంటిపిల్లలకి తుడిచినట్టు తుడిచేది. తన కళ్ళు ఆఖరున తుడుచుకునేది.

ఆ ముఠాలో తన చోటు తనకి ఉందని ఆమెకి నమ్మకం కుదిరింది. రెండు కాపులు అలా హాయిగా నడిచాయి, అందరితో పాటు ఆమెకీ రైతు కూలి ఇచ్చాడు.

ఈ ఏడు బసవపున్నయ్య తలలు లెక్కపెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగుండకపోయినా ముందు ఆయన బండే కదులుతుంది. కాకపోతే ఏ పని ఎంతమందితో అవుతుందో మనసులో ఎప్పుడూ గుణిస్తూ ఉండే మనిషి. కల్లం మొదలైన వారానికి ఒక పొద్దున పలక అంత పెద్ద ట్యాబు ఒకటి, దానితో పాటు స్పీకరు ఒకటి పట్టుకొచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు దీప్తి పంపిందట.

"ఇదిగో రాఘవమ్మక్కా, దీంట్లో యాడ్లు రావు. మా అమ్మాయి ఏడాదికి కట్టేసింది. ఒకటి అయిపోంగానే ఇంకోటి దాని పాటికి అదే వచ్చిద్ది. ఎవురూ ముట్టుకోపన్లా" అని స్తంభానికి కట్టాడు. సీరియలు గట్టిగా మోగింది. అందరూ సంబరంగా చూశారు. కోటేశ్వరమ్మ కూడా చూసింది.

అప్పుడాయన ఆమె వైపు తిరిగాడు. "పిన్నీ, నువ్వేం అనుకోబాక. ఈ ఎండలో నీకెందుకు చెప్పు. ఇంటికాడ చల్లంగా కూసో. పదకొండు మందితో పని అయిపోయిద్ది."

కోటేశ్వరమ్మ వీరరాఘవమ్మ వైపు చూసింది. మేస్త్రి ఒక్క మాట అంటే చాలు. వీరరాఘవమ్మ రాశిలో చేతులు పెట్టి కాయ ఏరుతోంది. తల ఎత్తలేదు. మిగతావాళ్ళు మేస్త్రి మొహం చూసి ఊరుకున్నారు.

"సరేలే నాయనా" అని కోటేశ్వరమ్మ తెల్లగుడ్డ మడిచి చంకలో పెట్టుకుని లేచింది.

ఇంటి దగ్గర నాగేశ్వరరావు గేదెకి కుడితి పెడుతున్నాడు. "ఏందే, అప్పుడే వచ్చావా?"

"పనైపోయింది."

"కల్లంలో పనా, నీ పనా?"

నోట్లో నాలుక లేని మనిషి ఇలాంటప్పుడే అడగవలసింది అడుగుతాడు. ఆమె లోపలికి వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. కూలి పోయిందన్నది ఒక దిగులే, కాదని అనడం లేదు. కానీ గుండెలో కలుక్కుమంటున్నది అది కాదు. బసవపున్నయ్య పొమ్మన్నందుకూ కాదు, వాడు రైతు, వాడి కల్లం. నలభై ఏళ్ళు పక్క సాలులో నడిచిన మనిషి తల ఎత్తలేదు. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఏడుపు తన్నుకొచ్చేది.

మర్నాడు పొద్దున ఉండబట్టలేక తన ఫోనులో ఆ సీరియలే పెట్టుకుంది. చుట్టూ తుమ్ములు లేవు, అత్తా ఇటు అనే పిలుపు లేదు. "అడుగో, వస్తన్నాడు చూడండి" అని పైకే అనేసింది. పంచలో గేదె తప్ప వినేవాళ్ళు లేరు. అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. డేరాలో నాయనమ్మతో చూసింది, హాల్లో మొగుడి పక్కన చూసింది, డెక్కు వీధితో చూసింది, టీవీ ముప్ఫై మందితో కిటికీలో నుంచి చూసింది. ఇన్నేళ్ళలో ఏ బొమ్మా ఒంటరిగా చూసి ఎరగదు. ఎలా చూడాలో కూడా ఆమెకి తెలియదు. సగంలో ఆపేసి ఫోను దిండు కింద పెట్టింది. ఆ తర్వాత రెండు రోజులు బయటికి తీయలేదు.

అక్కడ కల్లంలో మొదటిరోజు అందరూ ట్యాబుని నెత్తిన పెట్టుకున్నారు. ఒకదాని వెనక ఒకటి దానంతట అదే వస్తోంది. మూడు భాగాలు అయ్యాక మాత్రం మంచి పట్టు మీద ఉండగా టక్కున ఆగి, ఇంకా చూస్తున్నారా అని అడిగింది. పదకొండు మందీ తమ ఎర్రటి చేతులు చూసుకున్నారు.

"చూస్తన్నామే, చూడక యాడికి పోతాం" అంది నీరజ. అది వినిపించుకోలేదు.

కల్లం ఆ చివర కాయ తిరగేస్తున్న బసవపున్నయ్యని కేకేశారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి నొక్కి వెళ్ళాడు. గంటకి మళ్ళీ అడిగింది, మళ్ళీ వచ్చాడు. మూడోసారికి వెళ్ళడం మానేసి బకెట్టు బోర్లించుకుని అక్కడే కూర్చున్నాడు. "ఈ పిల్లెవరు? మొన్న ఏట్లో కొట్టుకుపోయిన పిల్ల ఈ పిల్ల కాదూ?" అని అడిగాడు. నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. బొమ్మ చెప్పే మనిషి లేదు కాబట్టి ఆడవాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. తలెత్తినప్పుడల్లా చెయ్యి గురి తప్పుతోంది. మూడో రోజు సాయంత్రం ఆయన మంచి కాయ బస్తా ఒకటి విప్పి గుప్పెడు తీసి చూస్తే సగం తాలు. మొహం మాడ్చుకుని బస్తా మూతి కట్టేశాడు.

నాలుగో రోజు సీరియల్లో తప్పిపోయిన కూతురు తల్లికి కనపడింది. ఏడాదిగా అందరూ కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసిన ఘట్టం. పదకొండు మందికీ కన్నీళ్ళు కారిపోయాయి. తుడిచేవాళ్ళు లేరు. నీరజ ఒళ్ళు మరిచిపోయి మణికట్టుతో కళ్ళు రుద్దుకుంది, ఆ మణికట్టూ కాయలో ఉన్నదే. కేక పెట్టి వెనక్కి పడిపోయింది.

బసవపున్నయ్య చెంబుతో నీళ్ళు, తడి తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, చెయ్యి చాచి, అలాగే ఆగిపోయాడు. పరాయివాడి పెళ్ళాం మొహం ఆయనెట్లా తుడుస్తాడు? ఆ పిల్ల చేతికి ఇద్దామంటే తువ్వాలంతా మిరపే అవుతుంది. నిలువునా నిలబడిపోయాడు పాపం. వీరరాఘవమ్మ బోరింగు దగ్గర మూడుసార్లు చేతులు తోముకుని వచ్చి తుడిస్తే మంట ఇంకా ఎక్కువైంది. ఆఖరికి బసవపున్నయ్య ఇంటికి వెళ్ళి భార్యని బండెక్కించుకుని వస్తే, ఆమె మజ్జిగ గుడ్డలు వేసింది.

నీరజ కళ్ళు తెరిచాక వీరరాఘవమ్మ ఒంటి మీది చొక్కా విప్పి కొయ్యకి తగిలించింది. ఎవరికీ చెప్పకుండా ఊళ్ళోకి నడిచింది.

కోటేశ్వరమ్మ అరుగు మీద బియ్యం చూస్తోంది. వీరరాఘవమ్మ రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"నీరజ కంట్లో కాయ పడింది వదినా."

"అయ్యో. మజ్జిగ గుడ్డ ఏశారా?"

"ఏశాం. తగ్గింది."

కోటేశ్వరమ్మ మళ్ళీ బియ్యంలోకి చూసింది. "బసవపున్నయ్య పంపిచ్చాడా నిన్ను?"

"వాడు పంపిస్తే బండి మీద వచ్చేదాన్ని. నడుసుకుంటా వచ్చా."

"ఆ రోజు నోరు పెగల్లా నీకు."

"పెగల్లా" అంది వీరరాఘవమ్మ. దాటేయలేదు, సాకు చెప్పలేదు. తనే మొదలుపెట్టింది. "బయమేసింది వదినా. ఎక్కడెక్కడి ముఠాలో ఆటోల్లో దిగతన్నాయి. నేను ఎదురు తిరిగితే అందరికీ పని పోయిద్దేమో అనుకున్నా. నువ్వు లేసి పోతన్నావని తెలుసు నాకు. తల ఎత్తితే నీ మొగం చూడాల. అందుకే ఎత్తలా."

"నేను చూశాగా నీ మొగం."

వీరరాఘవమ్మకి కళ్ళు నిండాయి. చేతులు పైకి లేచి మధ్యలో ఆగిపోయాయి. నీళ్ళు గడ్డం దాకా కారాయి, తుడుచుకునే దారి లేదు. "నాలుగు రోజుల్నించి చూస్తన్నా. తల్లీకూతుళ్ళు కలిశారు. ఏడిశా కూడా. ఇప్పుడు చెప్పమంటే ఒక్క ముక్క చెప్పలేను. నువ్వు చెప్తేనే నాకు చూసినట్టు ఉండిద్ది. అది చెబ్దామని వచ్చా."

కోటేశ్వరమ్మకి కోపం ఇంకా ఉంది. అయినా లేచి లోపలి నుంచి తెల్లగుడ్డ తెచ్చి ఆమె మొహం తుడిచింది, కాస్త గట్టిగానే తుడిచింది. తర్వాత కొబ్బరినూనె గిన్నె అరుగు అంచున పెట్టింది. "ముందు నూనె రాసుకుని, తర్వాత సబ్బు పెట్టుకో. ఎన్నిసార్లు చెప్పినా ముందే సబ్బు పెట్టుకుంటావ్."

"వస్తావా?"

"ఫోను తిప్పటానికైతే రాను. ఆ పని చేసేది వాడి పలక ఉందిగా. ముఠాలో మనిషి కింద లెక్కేస్తే వస్తా."

వీరరాఘవమ్మ నూనె రాసుకుంటూ తల ఊపింది. ఆ తల ఊపుడుని నమ్మాలో లేదో కోటేశ్వరమ్మకి తెలియలేదు. తెల్లవారాక వెళ్ళింది, అంతే.

బసవపున్నయ్య ఆమెని చూసి క్షమించమనీ అనలేదు, రమ్మనీ అనలేదు. బకెట్టు లాక్కుని దగ్గరికి జరిగాడు. "పిన్నీ, ముందు ఆ ఏట్లో కొట్టుకుపోయిన పిల్ల ఎవరో చెప్పు. నాలుగు రోజుల్నించి బుర్ర పని చెయ్యట్లా."

"చెప్తా గాని, నువ్వు పోయి కాయ తిరగెయ్యి నాయనా. ఎండ పోయిద్ది. ఈడ నించి గట్టిగా చెప్తాలే, వినపడిద్ది" అంది ఆమె. పందిరి కింద నవ్వులు లేచాయి. ఆయన కూడా నవ్వుతూనే వెళ్ళాడు. తలలు కాయ మీదికి వంగాయి. సీరియలు నడిచింది, ఆమె గొంతు నడిచింది, మధ్యాహ్నానికి రాశి సగం అయింది.

పది రోజులకి ఆ కల్లం పూర్తి కావొచ్చింది. ఆఖరి రాశి మీద ఉండగా పక్క ఊరి నుంచి యల్లమంద అనే రైతు మోటారు సైకిలు మీద వచ్చాడు. నాలుగెకరాల కాయ ఎండి ఉందట, ముఠా కావాలట.

"ఎంతమంది మీరు?" అని అడిగాడు, పందిరి కిందకి వంగి.

కోటేశ్వరమ్మ ట్యాబు మీద నుంచి చూపు తిప్పలేదు. కానీ చెప్తున్న కథ ఆగిపోయింది.

వీరరాఘవమ్మ కాయ వదిలేసి తల ఎత్తింది. "పన్నెండు మందిమి. ఒకామె కాయ ముట్టదు. ఆమె లేకపోతే మేం రాం."

"కాయ ముట్టకపోతే ఏం చేసిద్ది?" అన్నాడు యల్లమంద.

"నాలుగు రోజులు ఆమె లేకుండా చేపిచ్చి చూడు, నీకే తెలిసిద్ది" అని ఆ చివర నుంచి బసవపున్నయ్య అరిచాడు.

కోటేశ్వరమ్మ సీరియలు ఆపేసింది. కల్లంలో చప్పుడు లేదు.

"ఏందంటివి వదినా, ఎంతమంది?" అని అడిగింది. "నాకు వినపళ్ళా."

వినపడిందని వీరరాఘవమ్మకి తెలుసు. అయినా గొంతు పెంచి మళ్ళీ చెప్పింది.

"పన్నెండు మందిమి వదినా."